బీరువా తాళం తీసిన తరువాత
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో చదువును గురించి ఎవరో ఒకరు మాట్లాడడం ఆనవాయితీ. ఈ ఏడు ఆ బాధ్యత మా మీద పెట్టారు. మేము ఉపన్యాసకులం కాము. ఉర్దూ మీడియం బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు పాఠాలు చెప్పుకునే మామూలు ఉపాధ్యాయులం. “తెలుగులో మాట్లాడండి సార్, మన కుర్రవాళ్లలో చాలామందికి ఉర్దూ మాట్లాడడమే గాని చదవడం రాదు, సావనీరులో వేసుకోవడానికీ వీలవుతుంది” అని కార్యదర్శిగారు అన్నారు. అందుచేత తెలుగులోనే మాట్లాడుతున్నాము. తప్పులు దొర్లితే పెద్దలు మన్నించగలరు.

మేము చెప్పబోయేది పెద్ద విషయమేమీ కాదు. రెండు ఇనుప బీరువాల సంగతి. ఒక మేక కథ సంగతి. ఆ మేక కథ వల్ల మాకు, ఒక తండ్రికి మధ్య వచ్చిన మాట సంగతి. చివర ఈ సంఘాన్ని మూడు కోరికలు కోరి కూర్చుంటాము.

తాళం ఎందుకు పడింది?

మీలో చాలామంది సర్కారు బడుల్లో చదువుకున్నవారే. హెడ్‌మాస్టరు గదిలో గోడవారగా ఇనుప బీరువా ఒకటి ఉండేది, జ్ఞాపకం ఉందా? దానిమీద తెల్లరంగుతో ‘లైబ్రరీ’ అని రాసి ఉండేది. దాని తలుపు తెరిచి ఉండగా ఎంతమంది చూశారు? చేతులెత్తండి అంటే రెండో మూడో చేతులు లేస్తాయేమో.

ఆ తాళానికి కారణం ఉపాధ్యాయుల దుర్మార్గం కాదు. పుస్తకాలన్నీ స్టాకు రిజిస్టరులో ఎక్కి ఉంటాయి. ఇన్‌చార్జి ఉపాధ్యాయుడు బదిలీ అయ్యేనాడు ఒక్కొక్కటీ లెక్క అప్పజెప్పాలి. పుస్తకం పోతే ఆయన జవాబు చెప్పుకోవాలి. అదే పుస్తకాన్ని పదేళ్లు ఎవరూ ముట్టుకోకపోతే మాత్రం ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఇంక బుద్ధిమంతుడైన ఉపాధ్యాయుడు ఏం చేస్తాడు? తాళం వేస్తాడు. మేమూ వేశాము. చాలా ఏళ్లు ఆ తాళంచెవి మా జేబులోనే ఉంది. ఇది ఎవరిమీదో నింద వేయడానికి చెప్పడం లేదు, మా మీదే చెప్పుకుంటున్నాము.

2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. మధ్యలో కొద్దిరోజులు తీశారన్న మాటే గాని, మళ్లీ సక్రమంగా పిల్లల ముఖాలు చూసింది 2021 సెప్టెంబరు 1 తరువాతనే. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఏడో తరగతి పిల్లవాడికి పాఠం తీసి చదవమంటే అలిఫ్, బే అని కూడబలుక్కుంటున్నాడు. తెలుగు వాచకం ఇస్తే ఒత్తుల దగ్గర ఆగిపోతున్నాడు. ఇంట్లో ఫోను ఉన్న పిల్లలు బొమ్మలు చూశారు, ఫోను లేని పిల్లలు అదీ లేదు. చదవడం అనే అలవాటు కాలికి వేసిన కట్టు విప్పాక నడక మరిచిపోయినట్టు అయింది.

2022 ఫిబ్రవరిలో తెలంగాణ విద్యాశాఖ ‘రీడ్’ అనే పేరుతో నూరు రోజుల పఠన కార్యక్రమం మొదలుపెట్టింది. ఒకటి నుంచి తొమ్మిది తరగతుల దాకా పిల్లలచేత రోజూ పాఠ్యపుస్తకాలు కాని పుస్తకాలు చదివించాలని ఉత్తరువు. పుస్తకాలెక్కడివి? ఆ బీరువాలోవే. అట్లా తాళం తీశాము. లోపల చెదలు కొన్నింటిని తిన్నాయి, మిగిలినవాటికి పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. ఎండలో ఆరబెట్టి, అట్టలు వేసి, పిల్లల ముందు పెట్టాము. నూరు రోజులు అయిపోయాయి. ఇంక మళ్లీ తాళం వేయడమా మానడమా అన్న ప్రశ్న వచ్చింది. వేయలేదు. మేము చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే.

మన పేటల్లో పుస్తకాలకు కరువా?

మా పిల్లలు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ సందుల్లోంచి వస్తారు. ఈ మూడు పేటలూ కలిపి నడిస్తే అరగంట పట్టదు. ఈ అరగంట నడకలో ఎన్ని పుస్తకాలున్నాయో మనం ఎప్పుడైనా ఆలోచించామా?

అశోక్ నగర్ వైపు సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. ఉదయం పూట అటు వెళ్లి చూడండి. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే యువతీయువకులు లోపల చోటు చాలక ఆరుబయట కూడా కూర్చుని చదువుతుంటారు. చూస్తే కడుపు నిండుతుంది. కాని మా పిల్లలకు దానివల్ల ఒక అపోహ కలిగింది. మా ఆరో తరగతి పిల్లవాడిని “లైబ్రరీ అంటే ఏమిట్రా?” అని అడిగితే, “నౌకరీ లేనివాళ్లు కూర్చునే చోటు సార్” అన్నాడు! నవ్వు వచ్చింది గాని, తప్పు వాడిది కాదు. ఉద్యోగానికి కాక ఉల్లాసానికి పుస్తకం చదివేవాణ్ణి వాడు చూసి ఉండలేదు.

ఆ లైబ్రరీ ఎవరిది? మనదే. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. సొంత ఇల్లున్నవారు నేరుగా కడతారు, అద్దెకున్నవారు అద్దెలో కలిపి కడతారు. పైసలు కట్టి సామాను తెచ్చుకోకుండా వచ్చేవాణ్ణి బజారులో చూస్తే నవ్వుతాం కదా? లైబ్రరీ విషయంలో మనం చేస్తున్నది అదే.

బాగ్‌లింగంపల్లికి రండి, సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. మన నగరానికి చెందిన అబ్దుల్ సమద్ ఖాన్ గారు జీవితమంతా కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పాత పత్రికలు ఇప్పుడు అక్కడ ఉన్నాయి. విదేశాల విశ్వవిద్యాలయాలు కలిసి వాటి రక్షణకు పూనుకున్నాయంటే వాటి విలువ ఊహించుకోండి. 2000 ఆగస్టులో కురిసిన కుండపోత వానకు వరదనీరు ఆ గ్రంథాలయంలోకి చొచ్చుకొచ్చి ఎన్నో ఉర్దూ పుస్తకాలు తడిసిపోయాయి. తడిసినవాటిని దక్కించుకోవడానికి పెద్ద ప్రయత్నమే జరిగింది. తెలుగు నాయకుడి పేరుగల సంస్థ ఉర్దూ కాగితాలను కాపాడింది. ఇది హైదరాబాదుకు కొత్త కాదు. 1891లో పుట్టిన ఆసఫియా గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో ఉర్దూ, ఫారసీ, అరబీతోపాటు తెలుగును కూడా దాచింది. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం నిజాం రాజ్యంలో తెలుగువారికి చదువుకునే చోటయింది. 1931లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు ఇదారె అదబియ్యాతె ఉర్దూ స్థాపించారు. మన పెద్దలు వేరే ఏం కట్టినా కట్టకపోయినా పుస్తకాలకు ఇళ్లు కట్టారు. మనం వాటి ముందునుంచి షేర్ ఆటోలో పోతున్నాము. 2020 ఫిబ్రవరి నుంచి చిక్కడపల్లిలో, నారాయణగూడలో మెట్రో కూడా ఆగుతోంది. పోతున్నాము గాని దిగడం లేదు.

చదివినవాడు ఏమనుకున్నాడు?

ఇక మా బడి పద్ధతి చెబుతాము. పుస్తకం ఇచ్చి, వారానికి తిరిగి తెప్పించుకుంటే చాలదని త్వరలోనే తెలిసింది. కొందరు పిల్లలు పుస్తకాన్ని సంచిలో పెట్టుకుపోయి, సంచిలోంచే తీసి ఇచ్చేవారు. మధ్యలో దానికి గాలి తగలలేదు. అందుకని చదివినవాడు అరపేజీ అభిప్రాయం రాయాలన్నాము.

మొదట వచ్చిన అభిప్రాయాలన్నీ ఒక్కటే మాదిరి. “ఈ పుస్తకం చాలా బాగున్నది. దీనివలన మంచి నీతి తెలిసినది. అందరూ చదవవలెను.” నలభై కాగితాలు, నలభై కూడా ఇదే. పిల్లలు మమ్మల్ని సంతోషపెట్టడానికి రాశారు. ఒక కుర్రవాడు మాత్రం ఘనమైన ఉర్దూలో, ఘాలిబుగారి చుట్టమేమో అన్నట్టు రాసుకొచ్చాడు. “ఇందులో నీకు నవ్వు వచ్చిన పేజీ ఏది బేటా?” అని అడిగితే నేల చూశాడు. ఫోనును అడిగితే క్షణంలో రాసి ఇచ్చిందట. ఈ రోజుల్లో అది తేలిక. కోప్పడలేదు. ప్రశ్న మార్చాము.

ఇప్పుడు మేము నాలుగే అడుగుతాము. ఏ పేజీ దగ్గర ఆగావు, ఎందుకు? ఎవరు చేసిన పని నీకు నచ్చలేదు? నువ్వయితే ఏం చేసేవాడివి? ఈ పుస్తకం మన తరగతిలో ఎవరికి ఇస్తావు? ‘నీతి’ అనే మాట రాయకూడదు. బాగాలేకపోతే బాగాలేదని రాయవచ్చు, కాని ఎక్కడ బాగాలేదో చెప్పాలి. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే, రెండూ కలిపినా సరే. అక్షరదోషాలకు ఎర్ర సిరా పెట్టము. ఆ పని చేయడానికి పరీక్ష కాగితాలు ఎలాగూ ఉన్నాయి.

ఆ కాగితాన్ని పుస్తకం వెనక అట్టలో పెడతాము. తరువాత తీసుకున్నవాడు ముందువాడి మాట చదివి, తన మాట దాని కింద చేరుస్తాడు. కొన్ని పుస్తకాల వెనక ఇప్పుడు పుస్తకమంత లావు కాగితాలున్నాయి. మన దేశపు గ్రంథాలయ శాస్త్రానికి తండ్రి అనదగిన రంగనాథన్ గారు 1931లోనే ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్న నియమం పెట్టారు. పాఠకుణ్ణి వెతికి తెచ్చేది మరో పాఠకుడేనని మా పిల్లలు చూపించారు. మేము పదిసార్లు చెప్పినా ఎవరూ తీసుకోని పుస్తకాన్ని, “మూడో కథలో దొంగ నా తమ్ముడిలాగే అబద్ధాలాడుతాడు” అని ఒక పిల్ల రాయగానే ఐదుగురు అడిగారు.

శుక్రవారం నాడు ఉర్దూలో రాసినవాళ్లు తమ అభిప్రాయాన్ని తెలుగులో నోటితో చెప్పాలి. 2018లో వచ్చిన చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ఏ మీడియం బడిలోనైనా తెలుగు నేర్పాలి. భయపడి నేర్చుకునే తెలుగు వేరు, తనకు నచ్చిన దొంగ గురించి చెప్పుకోవడానికి నేర్చుకునే తెలుగు వేరు.

ఆ తరువాత ఇంకో అడుగు వేశాము. పిల్లలు చదివి వినిపించిన అభిప్రాయాలను ఫోనులో రికార్డు చేసి తల్లిదండ్రులకు పంపించడం మొదలుపెట్టాము. మా పిల్లల తల్లిదండ్రుల్లో చదవడం రానివారు చాలామంది. కాని వినడం అందరికీ వచ్చు. పండ్లబండి దగ్గర నిలబడి, ఆటోలో సవారీ కోసం ఎదురుచూస్తూ, తన బిడ్డ గొంతు వినే తండ్రి ముఖం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మొదటి రెండు నెలలు అభినందనలే అభినందనలు. మాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

అప్పుడు వచ్చింది మేక.

అబ్బూ ఖాన్ మేక

మన హైదరాబాదులో 1897లో పుట్టి, 1967లో రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు పిల్లల కోసం ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ అనే కథ రాశారని ఉర్దూ చదివిన పెద్దలందరికీ తెలుసు. ఫ్రెంచి రచయిత దోదే రాసిన ఒక మేక కథకు అది దగ్గరి చుట్టం. తెలియని పిల్లల కోసం రెండు ముక్కల్లో చెబుతాము. అబ్బూ ఖాన్ కొండప్రాంతంలో ఒంటరిగా ఉండే ముసలాయన. మేకలంటే ప్రాణం. ఎంత ప్రేమగా పెంచినా అవి తాళ్లు తెంచుకుని కొండమీదికి పోతాయి, అక్కడ తోడేలు తింటుంది. చాందినీ అనే మేకను తెచ్చి మరింత ముద్దుగా పెంచాడు. అదీ కొండకు పోతానంది. తోడేలు ఉందని ఆయన హెచ్చరించాడు. వినలేదు. గదిలో పెట్టి తలుపు మూశాడు, కిటికీ సంగతి మరిచాడు. చాందినీ కొండమీద ఒక పగలంతా స్వేచ్ఛగా తిరిగింది. రాత్రి తోడేలు వస్తే తెల్లవారేదాకా కొమ్ములతో పోరాడి చనిపోయింది. గెలిచింది ఎవరని చెట్టుమీది పక్షులు వాదించుకుంటాయి.

మా పిల్లలూ వాదించుకున్నారు. ఒకడు మేక మూర్ఖురాలన్నాడు. ఒకడు వీరురాలన్నాడు. ఎనిమిదో తరగతి బాలిక ఒకామె ఇలా రాసింది, మాటలు మావి, భావం ఆమెది. అబ్బూ ఖాన్ మంచివాడే. చాందినీ కొండకు పోతానని అడిగింది, పారిపోయే ముందు చెప్పింది కూడా. ఆయన తలుపు మూయడం ఒక్కటే ఆలోచించాడు. పగటిపూట తనే తోడు వెళ్లి, చీకటి పడకముందు ఇంటికి తోలుకొచ్చి ఉంటే మేకకు కొండా దక్కేది, ప్రాణమూ దక్కేది. ఆయనకు కాళ్లు లేవా?

మేము చదివి చాలాసేపు ఊరుకున్నాము. ఇన్నేళ్లుగా ఈ కథ చెబుతున్నాము, ఈ మాట మాకు తోచలేదు. సంతోషం పట్టలేక ఆ సాయంత్రమే ఆమె గొంతుతో రికార్డు చేసి, పేరు చెప్పించి, అందరికీ పంపించాము.

మర్నాడు ఉదయం ప్రార్థన కాకముందే ఆమె తండ్రి గేటు దగ్గర ఉన్నారు. ఆటో నడుపుకునే మనిషి. కష్టజీవి. “ఏం సాబ్, పిల్లకు ఏం నేర్పుతున్నారు? తలుపు తీసి పెట్టమని నాకు చెప్పిస్తున్నారా? స్టాండులో నలుగురూ వింటున్నారు నా బిడ్డ గొంతు. మీకెవరిచ్చారు ఆ హక్కు?” అన్నారు. మా దగ్గర జవాబు లేదు. క్షమించమని చెప్పి, దాన్ని తీసేశాము. అక్కడితో ఆగలేదు. గొడవ ఎందుకని పుస్తకం వెనక ఉన్న ఆమె కాగితాన్ని కూడా తీసి బల్ల సొరుగులో పెట్టాము.

ఇందులో రెండు తప్పులున్నాయి. రెండూ మావే. మొదటిది, అడగకుండా ఒక ఆడపిల్ల పేరూ గొంతూ వందమంది చేతుల్లో పెట్టడం. ఆ తండ్రి కోపంలో న్యాయం ఉంది. ఒకసారి ఫోనులోకి పోయినది ఎవరెవరి దగ్గరకు పోతుందో పంపినవాడి చేతిలో ఉండదు. రెండవది, ఆయన అడిగినది గొంతు గురించి కాగా, మేము ఆమె ఆలోచనను సొరుగులో పెట్టడం. పిల్ల వచ్చి పుస్తకం తెరిచి చూసుకుంది. కాగితం లేదు. ఏమీ అడగలేదు. ఆ తరువాత మూడు వారాలు ఆమె బీరువా దగ్గరికి రాలేదు. తాళం తీసి ఉంది, అయినా రాలేదు. తాళం ఇనుపది ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది.

మేము ఆమె ఇంటికి వెళ్లాము. ఆమె తండ్రిగారికి మొదటి తప్పు ఒప్పుకున్నాము. ఆమె ఎదుటే రెండవ తప్పు ఒప్పుకుని కాగితం తిరిగి ఇచ్చాము. “భాయ్, మీరు ఆ కథ విన్నారా?” అని అడిగాము. వినలేదు. అభిప్రాయం ఒక్కటే విన్నారు. పుస్తకం అక్కడే పెట్టి వచ్చాము. ఆ రాత్రి బిడ్డ చదివి వినిపించిందట.

వారం తరువాత ఆయన బడికి వచ్చారు. “సాబ్, అబ్బూ ఖాన్ బీదవాడు. రోజూ కొండకు పోతే కూలి ఎవరిస్తారు? అది మీ పిల్ల రాయలేదు. రాయించండి” అన్నారు. మేము కాగితం ముందు పెట్టాము. ఆయన చెప్పారు, కూతురు రాసింది. తండ్రి అభిప్రాయం ఇప్పుడు కూతురి అభిప్రాయం కిందే ఉంది. రెంటికీ కుదరలేదు. కుదరనక్కర్లేదు. ఆయన చెప్పినదీ నిజమే కదా. తోడు వెళ్లడానికి తీరిక లేకే కదా మనలో చాలామందిమి తలుపు మూసేది!

కథ సుఖాంతమని చెప్పలేము. ఆమె గొంతు రికార్డు చేయడానికి ఆయన ఇప్పటికీ ఒప్పుకోలేదు. మేము మళ్లీ అడగలేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఒంటరిగా పంపరు. అన్న తోడుంటేనే పంపుతారు, అన్నకు తీరిక ఉండదు. కాని ఆమె మళ్లీ పుస్తకాలు తీసుకుంటోంది.

ఇప్పుడు మేము పెట్టుకున్న కట్టుబాట్లు

ఆ తరువాత మేము కొన్ని నియమాలు రాసి గోడకు అంటించాము. తల్లో తండ్రో ఒప్పుకుని సంతకమో వేలిముద్రో వేస్తేనే పిల్లల అభిప్రాయం బడి దాటి పోతుంది. పిల్లను కూడా విడిగా అడుగుతాము, ఆమె వద్దంటే వద్దు. పేరు ఉండదు, తరగతి మాత్రమే ఉంటుంది. ఫొటో ఉండదు. గొంతుకు బదులు కాగితం చాలనుకున్నవారికి కాగితమే. ఎవరి అభిప్రాయాన్నీ ఎవరూ వెక్కిరించకూడదు, ఈ నియమం పెద్దలకు కూడా వర్తిస్తుంది. పంపినా పంపకపోయినా, పుస్తకం వెనక ఉన్న కాగితాన్ని మాత్రం ఎవరూ తీయకూడదు, మేమైనా సరే.

ఫోను చెడ్డదని మేము అనము. 2015లో ప్రథమ్ బుక్స్ వారు మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో ఉర్దూ, తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితంగా చదువుకోవచ్చు. ఒకే కథను రెండు భాషల్లో పక్కపక్కన పెట్టి చదివే మా పిల్లలున్నారు. ఉర్దూ పాత పుస్తకాలెన్నో రేఖ్తాలో దొరుకుతున్నాయి. కొండమీద గడ్డీ ఉంది, తోడేలూ ఉంది. చాందినీ సంగతి మళ్లీ చెప్పనక్కర్లేదు.

సంఘానికి మూడు కోరికలు

మొదటి కోరిక. ప్రతి ఏటా ఈ వేదిక మీద పాసయిన పిల్లలకు బహుమతులిస్తారు. స్టీలు టిఫిను డబ్బాలు, గోడ గడియారాలు ఇస్తున్నారు. మంచివే. వచ్చే ఏడు వాటితోపాటు ఒక్కొక్క పుస్తకం ఇవ్వండి. ఏ పుస్తకమో మీరు నిర్ణయించకండి. చార్మినారు వైపు ఉర్దూ దుకాణాలకో, ఆదివారం ఆబిడ్సు ఫుట్‌పాతు మీదికో పిల్లలను తీసుకుపోయి వాళ్లనే ఏరుకోనివ్వండి. కొందరు దాతలు మా బడికి పుస్తకాలు పంపుతున్నారు, వారికి కృతజ్ఞతలు. అయితే అట్ట చిరిగిన పదేళ్లనాటి గైడ్లు, లెక్క పూర్తయిన పద్దు పుస్తకాలు కూడా అందులో వస్తున్నాయి. మీ ఇంటి బిడ్డకు ఇవ్వదగిన పుస్తకమైతేనే మా బిడ్డలకు ఇవ్వండి.

రెండవ కోరిక. నెలకు ఒక్క ఆదివారమో, సెలవు రోజో, మన పేటల పిల్లలను సిటీ సెంట్రల్ లైబ్రరీకి తోడుండి తీసుకుపోవడానికి ఇద్దరు పెద్దలు, ఇద్దరు తల్లులు ముందుకు రావాలి. సభ్యత్వం కట్టించడం, కాగితాలు నింపడం మేము చూసుకుంటాము. ఆటో నడిపే తండ్రికి కూలి పోకుండా, ఆడపిల్ల ఒంటరిగా పోకుండా, తోడు అనే ఆ ఒక్క పని ఈ సంఘం చేయగలదు. డబ్బు పెద్దగా అవసరం లేదు. కాళ్లు కావాలి.

మూడవ కోరిక ఇళ్లకు. మీ పిల్లవాడు పుస్తకం తెచ్చిననాడు “ఇది పరీక్షకు వస్తుందా?” అని అడగకండి. “ఏ పేజీ దగ్గర ఆగావు?” అని అడగండి. మీకు చదవడం రాకపోతే ఇంకా మంచిది, చదివించుకుని వినండి. మీ అభిప్రాయం వేరైతే చెప్పండి, పిల్లచేత రాయించండి. మా బీరువాలో పెద్దల అభిప్రాయాలు ఇప్పటికి ఒక్కటే ఉంది. దానికి తోడు కావాలి.

చిన్నపిల్లలు ఏం చేయగలరని అనుకోకండి. మన హైదరాబాదులోనే ఏడో తరగతి బాలిక ఒకామె, కరోనా రోజుల్లో క్యాన్సరు ఆసుపత్రిలోని పిల్లలు రంగుల పుస్తకాలు అడిగారని, ఇల్లిల్లూ అడిగి పుస్తకాలు పోగుచేసి లైబ్రరీలు పెడుతూ పోయింది. 2023 సెప్టెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఆమెను గురించి చెప్పినప్పుడు అవి ఏడు అయ్యాయి. ఆమెకు అప్పటికి పదకొండేళ్లు. ఇంటి పెద్దలు ఆమెకు తోడున్నారు. మన పిల్లలకు లేనిది తెలివి కాదు, ఆ తోడే.

 సభ ముగిశాక తలుపు దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి ఉంటాము. రెండవ కోరికకు తోడు రాదలచినవారు పేరు, ఏ ఆదివారం తీరికో రాసి వెళ్లగలరు. రాయడం రానివారు చెబితే మా ఎనిమిదో తరగతి పిల్లలు రాసుకుంటారు. వాళ్లకు అలవాటే.

సెలవు. ఖుదా హాఫిజ్.